పాత గేమ్‌లు వైడ్‌స్క్రీన్‌లో: పక్కన నల్ల పట్టీలు ఉంచాలా, వ్యూ పెంచాలా?

పాతడిస్క్:
పాత త్రీడీ గేమ్ ఒకటి కొత్త మానిటర్‌లో పెడితే మనుషులంతా పొట్టిగా, లావుగా తేలారు. ఆకాశంలో చందమామ కోడిగుడ్డులా అడ్డంగా సాగింది. గేమ్ గీసేది 640x480, అంటే వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 4:3. మానిటర్ 16:9. బలవంతంగా నింపితే వెడల్పు మూడో వంతు పెరిగిపోతుంది.

గ్రాఫిక్స్ డ్రైవర్ సెట్టింగ్స్‌లో స్కేలింగ్‌ని (బొమ్మని తెరకి సరిపడా పెంచడం) ఫుల్‌స్క్రీన్ నుంచి యాస్పెక్ట్ రేషియోకి, అంటే అసలు నిష్పత్తి చెడకుండా ఉండేలా, మార్చాను. స్కేలింగ్ చేసేది డిస్‌ప్లే కాకుండా జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) అయ్యేలా పెట్టాను. అంతే, చందమామ గుండ్రమైంది. 1920x1080 తెర మీద బొమ్మ 1440 పిక్సెల్స్, రెండు పక్కలా 240 చొప్పున నలుపు. నా మటుకు అక్కడితో ఆగడమే సరి. ఎగ్జిక్యూటబుల్‌ని, అంటే గేమ్‌ని నడిపే ప్రోగ్రామ్ ఫైల్‌ని, కోసి తెర నింపడం నాకు నచ్చదు.

హెక్స్‌రాజు:
ఒప్పుకోనండీ. త్రీడీ గేమ్‌లో ఉన్నది బొమ్మ కాదు, కెమెరా. 4:3 అన్నది అప్పటి మానిటర్ల ఆకారం మాత్రమే. చాలా గేమ్‌ల ఎగ్జిక్యూటబుల్‌లో 1.333 (4:3) అన్న విలువ ఏబీ ఏఏ ఏఏ 3ఎఫ్ అన్న నాలుగు హెక్స్ (16 ఆధారపు అంకెల) బైట్లుగా ఉంటుంది. దాన్ని 39 8ఈ ఈ3 3ఎఫ్ చేస్తే 1.778, అంటే 16:9. ముందు ఫైల్ కాపీ తీసి పెట్టుకోండి. ఆ బైట్లు నాలుగైదు చోట్ల దొరకొచ్చు, ఒక్కొక్కటే మార్చి చూడాలి.

కొన్నిట్లో దీనివల్ల పైనా కిందా కోత పడుతుంది. అప్పుడు ఫీల్డ్ ఆఫ్ వ్యూ (కెమెరాకి కనిపించే కోణం) కూడా పెంచాలి: 4:3లో అడ్డంగా 90 డిగ్రీలుంటే 16:9కి సుమారు 106. ఎత్తు అలాగే ఉండి, పక్కల అదనంగా కనిపిస్తుంది.

పాతడిస్క్:
అదనంగా కనిపించేదే సమస్య. మీరు చెప్పినట్టే చేసి చూశాను. కట్‌సీన్‌లో (ఆట మధ్యలో కథ చూపించే దృశ్యం) తన వంతు రాని పాత్ర తెర అంచున కట్టెలా నిలబడి ఉంది. తిరిగినప్పుడల్లా గోడలు అంచుల్లో మాయమై మళ్లీ వస్తున్నాయి, ఎందుకంటే ఏది గీయాలో తేల్చే లెక్క ఇంకా పాత కోణంలోనే ఉంది. హెల్త్ బార్ సాగినట్టే ఉండిపోయింది. ఫ్రేమ్‌లో ఏముండాలో తయారుచేసినవాళ్లు చూసుకుని పెట్టారు, దాన్ని మనం చెదరగొడుతున్నాం. ఇక 1996 నాటి రెసిడెంట్ ఈవిల్‌లాగా ముందే గీసిన బ్యాక్‌గ్రౌండ్‌లున్న గేమ్‌లకైతే పక్కన చూపించడానికి బొమ్మే లేదు.

డాస్‌వీరుడు:
మధ్యలో ఒక మాట. డాస్ (పాత పీసీల ఆపరేటింగ్ సిస్టమ్) గేమ్‌ల విషయంలో "అసలు రూపం" అంటూ చాలామంది తప్పు రూపమే చూస్తున్నారు. 1993 నాటి డూమ్ 320x200లో నడిచేది. లెక్కకి అది 16:10, కానీ అప్పటి మానిటర్ దాన్ని 4:3గా చూపేది. అంటే ఒక్కో పిక్సెల్ వెడల్పు కన్నా ఎత్తు 1.2 రెట్లు. చతురస్రపు పిక్సెల్స్‌తో చూస్తే అంతా అణిగిపోయి కనిపిస్తుంది. డాస్ గేమ్‌లని ఇప్పటి కంప్యూటర్లలో నడిపే డాస్‌బాక్స్ ప్రోగ్రామ్ కాన్ఫిగ్ (సెట్టింగ్స్) ఫైల్‌లో యాస్పెక్ట్‌ని ట్రూ చేయండి. పట్టీలు ఉంచినా తీసేసినా, ముందు ఇది సరిచేయాలి.

హెక్స్‌రాజు:
కట్‌సీన్‌లు, గీసిన బ్యాక్‌గ్రౌండ్‌ల సంగతి నిజమే, అక్కడ పట్టీలే మేలు. కానీ పాత్ర కళ్లతోనే చూసే ఫస్ట్ పర్సన్ గేమ్‌లో ఆడుతున్నంతసేపూ ఫ్రేమ్ పెట్టేది మౌస్ పట్టుకున్న మన చెయ్యి. అక్కడ తయారుచేసినవాళ్ల ఫ్రేమ్ అనేదే లేదు. గోడలు మాయమవడం ప్యాచ్ (ఫైల్‌లో మనం చేసిన మార్పు) సగంలో ఆగిపోయిందనడానికి గుర్తు. ఏది గీయాలో తేల్చే కోణం వేరే విలువగా ఉండి ఉంటుంది, అదీ మార్చాలి.

పాతడిస్క్:
సరే, ఆ విలువ వెతుకుతాను. అది దొరికి గోడలు నిలబడితే ఆటంతా మీ పద్ధతిలోనే ఆడతాను, కట్‌సీన్‌లకి మాత్రం 4:3కే వెళ్తాను.