"మాయిమ్ మాయిమ్" పాతకాలపు జానపద నృత్యమా, ఎవరో కూర్చిందా? హోరా అడుగుల మీద కూడా ఒక డౌట్

వలయం_23:
మా డాన్స్ గ్రూపులో ఈ మధ్య ఇజ్రాయెల్ వాళ్ల "మాయిమ్ మాయిమ్" నేర్పిస్తున్నారు. అందరూ గుండ్రంగా చేతులు పట్టుకుని ఎడమవైపు జరగడం, తర్వాత మధ్యలోకి వెళ్తూ చేతులెత్తడం, మళ్లీ వెనక్కి రావడం, వీడియోల్లో చూసే ఉంటారు. నేర్పించే మేడమ్ ఇది బైబిల్ కాలం నుంచీ వస్తున్న నృత్యం అంటారు. గ్రూపులోనే ఇంకొకాయన "అదేం కాదు, ముప్ఫైలలో ఒకావిడ కూర్చింది, ఏ సంవత్సరమో కూడా తెలుసు" అంటాడు. ఎవరిది నిజం? ఆయన చెప్పిందే నిజమైతే దాన్ని జానపదం అని ఎందుకంటున్నారు మరి?

ఇంకొకటి. అదే క్లాసులో హోరా కూడా చేస్తున్నాం. అందులో అడుగుల వరస ఒకచోట మొదలవుతుంది, పాట లైను ఇంకోచోట మొదలవుతుంది, రెండూ కలవవు. మాయిమ్‌లో ఈ గొడవ లేదు. ఇలాగే ఉంటుందా, లేక మాకు సరిగ్గా నేర్పడం లేదా? హవా నగీలా అంటే హోరానేనా అన్నది కూడా ఎవరైనా చెబితే సంతోషం.

బావిగట్టు:
ఇద్దరిదీ కరెక్టే అని గోడ మీద పిల్లిలా చెప్పను, ఆయన చెప్పిందే నిజం. ఇందులో పాతవి మాటలు మాత్రమే. బైబిల్లోని యెషయా గ్రంథం 12వ అధ్యాయం 3వ వచనం, ఆనందంగా రక్షణ బావుల్లోంచి నీళ్లు తోడుకుంటారు అనే వాక్యం, పాట మొత్తం దాదాపు ఆ ఒక్క వాక్యమే, మిగతాదంతా "మాయిమ్, మాయిమ్", అంటే "నీళ్లు, నీళ్లు" అని అరవడమే. ట్యూన్ కట్టింది వార్సాలో పుట్టిన ఇమ్మాన్యుయేల్ అమిరాన్. అడుగులు కూర్చింది జర్మనీ నుంచి వచ్చిన డాన్సర్ ఎల్సే డుబ్లోన్, 1937లో.

సందర్భం కూడా తెలుసు. రెహోవోత్ దగ్గర నాఆన్ అని ఒక కిబ్బుట్జ్ ఉంది, అంటే అందరూ ఉమ్మడిగా వ్యవసాయం చేసుకునే ఊరు, 1930లో పెట్టారు. ఏళ్ల తరబడి నీళ్ల కోసం వెతికి వెతికి చివరికి పడ్డాక జరిగిన పండగ కోసం ఈ నృత్యం తయారైంది. అప్పటికి ఇజ్రాయెల్ దేశమే లేదు, బ్రిటిష్ వాళ్ల పాలనలో ఉన్న పాలస్తీనా అది. ఇది తెలిసి చూస్తే ఆ అడుగులు ఎందుకలా ఉన్నాయో అర్థమవుతుంది, పక్కకి అలల్లా సాగడం, తర్వాత అందరూ ఒకేసారి బావి దగ్గరికి వెళ్లినట్టు మధ్యలోకి వెళ్లి నీళ్లు పైకి చిమ్మినట్టు చేతులెత్తడం.

జానపదం ఎందుకంటున్నారు అన్నదానికి నా లెక్క ఇది. అప్పుడు అక్కడికి చేరిన యూదులు పోలండ్, రష్యా, రుమేనియా, జర్మనీ, యెమెన్, ఇలా ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. అందరికీ ఉమ్మడిగా తెలిసిన డాన్స్ అంటూ ఏదీ లేదు. కోత పండగనీ, తొలి పంట పండగనీ కొత్తగా చేసుకోవడం మొదలుపెట్టారు, కానీ సాయంత్రమైతే ఆడేది పోల్కా, క్రాకోవియాక్ లాంటి యూరప్ డాన్సులే! అది నచ్చని కొందరు, ఎక్కువగా ఆడవాళ్లే, కూర్చుని కొత్తవి తయారుచేశారు. రమత్ యోహనాన్ కిబ్బుట్జ్‌లో లేయా బెర్గ్‌స్టైన్, ఏన్ హరోద్ కిబ్బుట్జ్‌లో రివ్కా స్టుర్మన్. లైప్‌జిగ్‌లో పుట్టిన గురిత్ కాద్మన్ 1944లో దాలియా కిబ్బుట్జ్‌లో మొదటి జానపద నృత్యోత్సవం పెట్టింది. యూరప్‌లో మనవాళ్లను చంపుతుంటే ఇక్కడ డాన్సులేంటి అని అప్పట్లో తిట్టినవాళ్లూ ఉన్నారు, అయినా ఆపలేదు. అంటే "ముందు జనం ఆడారు, తర్వాత ఎవరో రాసి పెట్టుకున్నారు" అనే వరస ఇక్కడ తిరగబడింది. ముందు కూర్చారు, తర్వాత జనం తీసుకున్నారు. నా దృష్టిలో అది కూడా జానపదమే.

మూడో_అడుగు:
పైన చెప్పిందాంట్లో చాలావరకు ఒప్పుకుంటా కానీ "కూర్చుని తయారుచేశారు" అంటే శూన్యంలోంచి పుట్టినట్టు వినిపిస్తోంది. ముక్కలన్నీ ఎక్కడో ఒకచోట ఉన్నవే. హోరా రుమేనియాది, పేరుతో సహా. రుమేనియా పక్కనున్న బెస్సరేబియాలో పుట్టిన డాన్సర్ బారుఖ్ అగదాతి 1924లో దాన్ని స్టేజీకి తగ్గట్టు కూర్చాడు, ఇప్పటికీ "హోరా అగదాతి" అనే ఆడతారు. చెర్కెసియా అనే డాన్స్ కాకసస్ ప్రాంతపు చెర్కెస్ జాతి వాళ్ల పేరు మీద ఉన్నది. యెమెనైట్ స్టెప్ అని అందరూ నేర్చుకునేది, పక్కకి మెత్తగా ఊగి నిలబడే అడుగు, యెమెన్ యూదులది. ఆ కుటుంబాల నుంచే వచ్చిన సారా లెవి తనాయ్ 1949లో ఇన్‌బాల్ అనే డాన్స్ కంపెనీ మొదలుపెట్టి ఆ కదలికలను స్టేజీ మీదకు తెచ్చింది.

డెబ్కా అనే డాన్స్ సంగతి కూడా చెప్పాలి. అది అక్కడి అరబ్బుల దబ్కే నృత్యమే, వాళ్ల పల్లెల్లో పెళ్లిళ్లలో అప్పటికే ఉన్నది. దాని అడుగులు తీసుకుని ఇజ్రాయెలీ జానపద నృత్యం అని పేరు పెట్టడం మీద పాలస్తీనియన్లకు అభ్యంతరం ఉంది, అది అన్యాయమైన అభ్యంతరం అని నేననుకోను. కాద్మన్ లాంటివాళ్లు అరబ్బుల, అక్కడే ఉండే డ్రూజులనే మతవర్గం వాళ్ల నృత్యాలు చూసి నేర్చుకున్నామని దాచలేదు, కానీ క్లాసుల్లో ఆ మాట చెప్పేవాళ్లు తక్కువ. మీ మేడమ్‌ని ఒకసారి అడిగి చూడండి.

ఇంకా కొత్తవి పుడుతూనే ఉన్నాయి. అక్కడ సాయంత్రాలు హర్కదా అని జరుగుతాయి, ఒకరు పాటలు పెడుతూ నేర్పిస్తుంటే వందల మంది గుండ్రంగా ఆడతారు. కొత్త సినిమా పాటైనా, పాప్ పాటైనా దానికి ఎవరో ఒకరు అడుగులు కూరుస్తారు, కూర్చినవాళ్ల పేరు ఆ డాన్స్‌తోనే తిరుగుతుంది. కర్మియేల్‌లో 1988 నుంచి పెద్ద నృత్యోత్సవం కూడా జరుగుతోంది.

ఆరు_ఎనిమిది:
హోరా డౌట్ నాకు వదిలేయండి. మీకు బాగానే నేర్పుతున్నారు, అది అలాగే ఉంటుంది. మామూలు హోరా వరస ఆరు దెబ్బలు: ఎడమ పక్కకి, కుడికాలు దాటించి, ఎడమ మీద నిలబడి గెంతు, కుడి మీద నిలబడి గెంతు. ఒక్కో గెంతుకి రెండు దెబ్బలు కదా, మొత్తం ఆరు. పాట లైను మాత్రం ఎనిమిది. ఆరు నాలుగు సార్లు, ఎనిమిది మూడు సార్లు, అంటే ఇరవై నాలుగు దెబ్బలకు గానీ రెండూ ఒకచోట మొదలవ్వవు. అందుకే పాట మాటలు వింటూ అడుగు వేస్తే తప్పకుండా తడబడతారు. మాటలు వదిలేసి డ్రమ్మునో, అకార్డియన్ ఎడమచేతి బాస్‌నో పట్టుకోండి, పక్కవాళ్ల భుజాలు మిగతాది చూసుకుంటాయి. నిజానికి హోరాలో ఉన్న మజా అంతా ఇదే, ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో తెలియకుండా వలయం తిరుగుతూనే ఉంటుంది, మధ్యలో ఎవరొచ్చి చేరినా ఇబ్బంది లేదు.

మాయిమ్ అలా కాదు. కుడికాలు ముందు నుంచి దాటించి, ఎడమ పక్కకి, కుడి వెనక నుంచి, ఎడమ పక్కకి, ఇది నాలుగు దెబ్బలు, నాలుగు సార్లు చేస్తే పదహారు. ప్రతి భాగం పాట లైనుతోనే మొదలై లైనుతోనే అయిపోతుంది. ఈ అడుగుని చాలాచోట్ల మాయిమ్ స్టెప్ అనే పిలుస్తారు. కొత్తవాళ్లకి అంత తేలికగా వచ్చేది కూడా అందుకే, జపాన్‌లో బడి పిల్లలకు ఇది దాదాపు అందరికీ వచ్చు.

హవా నగీలా నృత్యం కాదు, పాట. దాని మీద హోరా ఆడతారు, అంతే. ట్యూన్ ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్న సాదిగురా అనే ఊళ్లోని హసీదుల (యూదుల్లో ఒక భక్తి శాఖ వాళ్లు) నిగ్గున్, అంటే మాటల్లేకుండా పాడుకునే భక్తి గీతం. సంగీత పరిశోధకుడు ఏబ్రహాం ఇడెల్సోన్ దాన్ని 1915లో రాసిపెట్టి, 1918లో జెరూసలేంలో ఒక కచేరీ కోసం మాటలు చేర్చాడు. మాటలు మావాడివే అని ఇంకొకరి తరఫున వాదించేవాళ్లు ఉన్నారు, అది తెగని గొడవ. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకి ఒక్క ముక్కలో చెప్పాలంటే స్కేలు వకుళాభరణం, మాయామాళవగౌళలో కాకలి బదులు కైశికి నిషాదం పెడితే వచ్చేది. పాటలో "ఉరు అహీమ్" అనే మాటల దగ్గరికి వచ్చేసరికి మధ్యమాన్ని ఆధారం చేసుకుని పాశ్చాత్య సంగీతంలో మైనర్ అనే స్కేలులోకి మారుతుంది, ఊపు పెరిగినట్టు అనిపించేది అక్కడే. మాయిమ్‌లో ఈ రంగు లేదు, అది ముందు నుంచీ మైనరే.

వలయం_23:
అందరికీ థాంక్స్, ఆరు ఎనిమిది లెక్క రాసుకున్నా. మేడమ్‌కి యెషయా సంగతి చెబితే సగం గెలిచినట్టే ఫీలవుతారేమో. చివరి డౌట్: మాయిమ్ ఆఖర్లో ఒంటికాలి మీద గెంతుతూ మునివేళ్లు ముందుకీ పక్కకీ తాకించే చోట మా వలయం ప్రతిసారీ చిందరవందర అవుతోంది, ఎందుకు?

ఆరు_ఎనిమిది:
రెండోసారి కాలు మార్చినప్పుడు చప్పట్ల కోసం చేతులు వదిలేస్తారు కదా, అప్పుడు అందరూ తెలియకుండా ముందుకి గెంతేస్తారు. ఉన్నచోటే, తక్కువ ఎత్తులో గెంతండి. చప్పట్లు లేకుండా ఒకసారి చేసి చూస్తే ఎవరు జరుగుతున్నారో దొరికిపోతుంది.