పెన్నలో ఇసుక పోయి చెట్లు మొలిచాయి: ప్రాజెక్టు వల్లా, లారీల వల్లా, వరదల వల్లా?

పెన్నగట్టు:
అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. ఇంట్లో పాత ఆల్బమ్ ఒకటి బయటపడింది, అందులో 1980ల నాటి ఏటి పండగ ఫోటోలున్నాయి. గొబ్బెమ్మలు పట్టుకున్న ఆడవాళ్ల వెనక పెన్న కనిపిస్తుంది, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా తెల్లటి ఇసుకే, మధ్యలో సన్నగా ఒక పాయ. మొన్న వంతెన మీద నిలబడి దిగువకు చూస్తే అసలు అదే ఏరేనా అనిపించింది. ఒకచోట జమ్ము, ఇంకోచోట సర్కారు తుమ్మ, మధ్యమధ్యలో నీళ్లు నిలిచిన గోతులు, ఇసుక అక్కడక్కడా మచ్చలుగా మిగిలింది. ఇంట్లో దీని మీద పెద్ద వాదనే నడుస్తోంది. మా నాన్న లారీలే మింగేశాయంటాడు, బాబాయి సోమశిల కట్టినప్పుడే ఏరు చచ్చిపోయిందంటాడు, మా బావ అయితే ఏళ్లు అలా మారుతూనే ఉంటాయి, 2021 వరద మళ్లీ ఇసుక తెచ్చింది కదా అంటాడు. ఎవరిది కరెక్ట్? పాత రూపం, కొత్త రూపం పక్కపక్కన పెట్టి చూసే మార్గం ఉంటే అదీ చెప్పండి, మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టుకి కూడా పనికొస్తుంది.

కాలవలసారు:
ముగ్గురూ కరెక్టే, కాకపోతే ముగ్గురూ వేరువేరు కాలాల గురించి మాట్లాడుతున్నారు. నేను ఇరిగేషన్‌లో పని చేసి రిటైరైన వాణ్ణి, తెలిసినంత చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

ముందు ఒక మాట. మీ ఫోటోలో ఉన్నది కూడా మనిషి చెయ్యి పడని పెన్న కాదు. నెల్లూరు ఆనకట్ట 1850లలోనే కట్టారు, సంగం ఆనకట్ట 1880లలో. డెల్టాలో ఈ పచ్చటి వరి, ఈ కాలవలు అన్నీ ఆ తర్వాత స్థిరపడ్డవే. అయితే ఆనకట్టలు ఎత్తు తక్కువ, పెద్ద వరదొస్తే నీళ్లతోపాటు ఇసుక కూడా వాటి మీదుగా దాటిపోయేది. 78 టీఎంసీల సోమశిల వచ్చాక సంగతి మారింది. నది మోసుకొచ్చే ఇసుక, ఒండ్రు ఎక్కువ భాగం జలాశయంలోనే కూర్చుంటాయి. గేట్ల కింద నుంచి వచ్చే నీళ్లలో ఇసుక, మట్టి తక్కువ కాబట్టి అవి కింద ఉన్న ఇసుకనే కోసుకుపోతాయి, ఆ లోటు పూడ్చడానికి పైనుంచి కొత్తది సరిపోను రాదు.

ఇక చెట్ల సంగతి. అప్పట్లో ఈశాన్య రుతుపవనాల్లో వరదొస్తే నది గర్భమంతా తిరగబడేది, మొలిచిన మొక్క మొలిచినట్టే కొట్టుకుపోయేది. ఇప్పుడు నాలుగైదేళ్లు పెద్ద ప్రవాహం రాకపోతే తుమ్మ మొక్క వేరు బాగా దిగిపోతుంది. దాని మొదట్లో ఒండ్రు ఆగుతుంది, ఒండ్రు మీద జమ్ము వస్తుంది, కొన్నాళ్లకి అదొక చిన్న లంక అయిపోతుంది. నీళ్లు దాన్ని తప్పించుకుని పక్కకి జరిగి గట్టుని కోస్తాయి. అంటే చెట్లు మొలిపించింది ప్రకృతే, కానీ అందుకు వీలు కల్పించింది ప్రాజెక్టు.

తవ్వకం సంగతి మీ నాన్నగారు చెప్పింది నిజమే. వంతెన దగ్గర పిల్లర్ల మొదళ్లు గమనించండి. పాత నీటి మచ్చ ఎక్కడుందో, ఇప్పుడు ఇసుక మట్టం ఎక్కడుందో చూస్తే ఏరు ఎంత కిందికి దిగిందో కళ్లకే తెలుస్తుంది. ఏటి పక్క పొలాల్లో ఫిల్టర్ పాయింట్లు, అంటే ఇసుకలోకి దింపిన గొట్టపు బావులు, ఉన్నవాళ్లని అడగండి, పైపు ఎన్నిసార్లు లోతుకి దించుకున్నారో చెప్తారు. ఇసుకే నీళ్లు పట్టి ఉంచేది, అది పోతే చుట్టుపక్కల నీటిమట్టం కూడా దిగుతుంది.

2021 నవంబరుది వేరే కథ. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, ఆ నీళ్లూ పెన్న నీళ్లూ కలిసి సోమశిల మీదికి వచ్చాయి, కిందికి వదలక తప్పలేదు. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, కోవూరు దగ్గర హైవే కోసుకుపోయింది. అంత వరద కొన్నిచోట్ల ఇసుక మేటలు వేసిన మాట నిజమే, మీ బావగారు చెప్పేది దాని గురించే. కానీ ఆ ఇసుక ఎక్కువగా మన గట్లు కోసి, మన పొలాలు కోసి తెచ్చింది, పై నుంచి కొత్తగా వచ్చింది కాదు. దాన్ని ఏరు కోలుకోవడం అనుకుంటే ఎట్లా?

మ్యాపులపిచ్చోడు:
సార్ బాగా చెప్పారు. చూసే పద్ధతి నేను చెప్తా. గూగుల్ ఎర్త్‌లో టైమ్‌లాప్స్ అని ఉంటుంది, 1984 నుంచి ఏడాదికో బొమ్మ. నెల్లూరు దగ్గర పెట్టి ప్లే చేయండి. అవి ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు తీసిన బొమ్మలు, ఒక చుక్క అంటే 30 మీటర్లు, కాబట్టి గోతులు, చెట్లు విడివిడిగా కనపడవు, నది వెడల్పు, రంగు మారడం మాత్రం తెలుస్తుంది. 2015 తర్వాతవి సెంటినెల్ ఉపగ్రహాల బొమ్మలు, 10 మీటర్లు, ఇంకొంచెం నయం. వివరంగా కావాలంటే కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రో వేసుకుని పాత తేదీల గడియారం బొమ్మ నొక్కండి. ఇస్రో వాళ్ల మ్యాపుల సైట్ భువన్ కూడా ఉంది.

ఒకటి మాత్రం జాగ్రత్త. మే నెల బొమ్మ పక్కన డిసెంబరు బొమ్మ పెట్టి చూడు ఎంత మారిపోయిందో అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. మన పెన్న మేలో ఎండి డిసెంబరులో నిండుతుంది, అది ప్రతి ఏడూ ఉండేదే. ఎప్పుడూ ఒకే నెల బొమ్మలు పోల్చండి. ఇంకోటి, టైమ్‌లాప్స్ బొమ్మ ఏడాదంతా తీసిన వాటిలో మబ్బు లేనివి కలిపి చేసింది, అందుకే 2021 వరద అందులో కనిపించదు, అది మిగిల్చిన కోత మాత్రమే కనిపిస్తుంది.

అలాగే తూర్పుకి జరిపి ఊటుకూరు, మైపాడు వైపు చూడండి. తీరానికి సమాంతరంగా చారలు కనిపిస్తాయి. అవి పాత సముద్రపు ఒడ్డులు. పెన్న మట్టి తెచ్చి పోస్తూ ఉంటే సముద్రం వేల ఏళ్ల పాటు ఒక్కో చార వదిలి వెనక్కి జరిగింది. ఆ చారలు కాస్త మెరక కాబట్టి ఊళ్లు వాటి మీదే కట్టుకున్నారు, చారకీ చారకీ మధ్య పల్లంలో వరి వేశారు.

దొరువుకాడ:
ఏందన్నా అందరూ ఇసుక ఇసుక అంటున్నారు, ఆ చారల మధ్య పల్లంలో ఇప్పుడు వరి ఎంత మిగిలిందో చూశారా? మాది సముద్రం పక్క ఊరు. మా చిన్నప్పుడు ఇసుక నేలలో దొరువులు తవ్వేవాళ్లు, నిలువు కంటే కొంచెం ఎక్కువ లోతు, అడుగున తియ్యటి నీళ్లు ఊరేవి, రెండు కుండలతో ముంచి వేరుశనగకీ నారుమడికీ పోసేవాళ్లు. ఉప్పునీళ్ల మీద తేలే పల్చటి మంచినీటి పొర అది. చేత్తో ముంచినంతకాలం నిలబడింది. మోటార్లు పెట్టి లాగాక ఉప్పు పైకొచ్చింది.

తర్వాత 1990ల మొదట్లో రొయ్యల గుంటలు వచ్చాయి. టైగర్ రొయ్య మీద ఎంత డబ్బొచ్చిందంటే, ఎకరం వరి వేసేవాణ్ణి పిచ్చోడిలాగా చూసేవాళ్లు. వైట్ స్పాట్ అనే వైరస్ తెగులు తగిలి ఒక్కో గుంటలో సరుకంతా తేలిపోయింది, 1996లో తీరం పక్క రొయ్యల గుంటలకి వ్యతిరేకంగా సుప్రీంకోర్టు తీర్పు కూడా వచ్చింది, చాలామంది గుంటలు వదిలేసి పోయారు. 2009 నుంచి వనామి అనే ఇంకో రకం రొయ్య వచ్చి మళ్లీ ఊపందుకుంది. బొమ్మలో చూస్తే చదరపు పలకలు పరిచినట్టు కనిపించేవన్నీ అవే. వదిలేసిన గుంట దగ్గరికి వెళ్లి చూడండి, కట్ట లోపలి వైపు తెల్లగా ఉప్పు పెచ్చు కట్టి ఉంటుంది, గోటితో గీరితే రాలుతుంది, దానిలో గడ్డి కూడా మొలవదు. పక్క చేను వాడు వరి వేస్తే గట్టు పొడుగునా మూడు బారల మేర పైరు పసుపు తిరుగుతుంది. ఆ రైతు ఎవరికి చెప్పుకోవాలి? నేనూ కొన్నాళ్లు కౌలుకి గుంటలు చేశాను, లాభం రాలేదని కాదు, లాభం వచ్చిన ఏడు కూడా ఆ నేల మళ్లీ వరికి రాదని తెలిసే చేశాం అందరం.

చీమకుర్తి కుర్రోడు:
ప్రకాశం నుంచి నా వంతు. మాకు ఏరు మారడం కాదు, కొండే లోపలికి వెళ్లిపోయింది. బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ పేరు వినే ఉంటారు, నల్ల రాయిలో బంగారు చుక్కలు, ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. ఆ రాయి చీమకుర్తిలోనే దొరుకుతుంది. క్వారీ అంచున నిలబడితే కింద పెద్ద మెట్ల బావిలా ఉంటుంది, ఒక్కో మెట్టు ఇంటి ఎత్తు. రాతి గోడ మీద డ్రిల్లు వేసిన గాట్లు వరసగా గీత గీసినట్టు కనిపిస్తాయి, కొత్త గోడ అయితే వైరు రంపం కోత నున్నగా ఉంటుంది. పని ఆపేసిన గోతుల్లో వాన నీళ్లు నిండి నీలంగా మెరుస్తుంటాయి, సెల్ఫీలకి వస్తారు. ఈతకి మాత్రం దిగొద్దు, అంచు నుంచి నేరుగా లోతే. పక్కన పనికిరాని రాళ్లు పోసిన డంపులున్నాయి చూడండి, ఊళ్లో చిన్నపిల్లలు వాటినే కొండలు అనుకుంటారు. మీ పెన్నకి ఎప్పుడైనా వరదొచ్చి కాస్త ఇసుక తెస్తుందేమో, మా గోతిని ఏ వరదా పూడ్చదు బ్రదర్.

పెన్నగట్టు:
చాలా థాంక్స్. సారూ, ఇంకో రెండు డౌట్లు. సర్కారు తుమ్మ కొట్టేయిస్తే పాత పెన్న వస్తుందా? ఇంకా ఊటుకూరు దగ్గర పెన్న సముద్రంలో కలిసే నోరు ప్రతి బొమ్మలోనూ ఒకచోట ఉండదు, అదీ మనిషి పనేనా?

కాలవలసారు:
నోటి సంగతి ముందు. అది చాలావరకు సముద్రం పనే. అలలు తీరం వెంట ఇసుకను నెడుతూనే ఉంటాయి, మన తీరంలో ఏడాది మొత్తం లెక్క చూస్తే ఉత్తరం వైపు ఎక్కువ పోతుంది. నదిలో నీళ్లు లేని నెలల్లో ఆ ఇసుక నోటికి అడ్డంగా తిన్నె వేస్తుంది, వరదొచ్చినప్పుడు అది తెగుతుంది, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ. నీళ్లు తక్కువ వదిలితే తిన్నె ఎక్కువ కాలం నిలబడుతుంది కాబట్టి అక్కడ కూడా మన చెయ్యి కొంత ఉంది. తీరానికి అడ్డంగా గోడ కడితే ఏమవుతుందో చూడాలంటే మద్రాసు చూడండి. 1870ల్లో హార్బర్ పని మొదలయ్యాక దక్షిణాన ఇసుక ఆగి మెరీనా బీచ్ వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు సముద్రం తినేసింది. మ్యాపులపిచ్చోడు గారూ, మన తీరంలో ఎక్కడెక్కడ రాతి గోడలున్నాయో వాటికి దక్షిణం, ఉత్తరం రెండు వైపులా టైమ్‌లాప్స్ చూసి ఇక్కడ పెట్టండి.

తుమ్మ గురించి ఒక విషయం. ఈ చెట్టు మనది కాదు, అమెరికా వైపు నుంచి తెప్పించి, 1877లో మన కడప జిల్లా కమలాపురంలో నాటారు, వంటచెరకు కోసం. కమలాపురం పెన్న పరీవాహకమే. మేకలు, పశువులు కాయలు తిని పేడతో విత్తనాలు వదిలితే ఏటి వెంట ఇక్కడిదాకా దిగడానికి ఎంతసేపు? మొదలు నరికితే గుబురుగా మళ్లీ చిగురిస్తుంది, వేరుతో సహా పెకలించాలి. పెకలించినా పై నుంచి ఇసుక రాకపోతే అది ఫోటోలో ఉన్న పెన్న అవదు, జమ్ము వస్తుంది. వరద దారి మాత్రం ఖాళీ అవుతుంది, గట్టు మీద ఇళ్లున్నవాళ్లకి అది చిన్న విషయమేం కాదు. వచ్చే అక్టోబరు లోపల చేస్తేనే ఉపయోగం.

దొరువుకాడ:
పెకలించిన కట్టె బొగ్గుకి కొనేవాళ్లు మా వైపు ఉన్నారు సార్, తోలకం వాళ్లదే. కావాలంటే మెసేజ్ పెట్టండి.