"లెఫ్టోవర్స్"కి ఇటాలియన్‌లో "అవాంత్సి" ఒక్కటే సరిపోతుందా?

పదాలపందిరి: వంటల యాప్ ఒకటి ఇంగ్లీషు నుంచి ఇటాలియన్‌లోకి మారుస్తున్నాం. "లెఫ్టోవర్స్", అంటే మిగిలిపోయిన తిండి, మూడు చోట్ల వస్తోంది: వంటకాల విభాగం పేరులో, "మిగిలిన ____" అని పదార్థం పేరు కోసం ఖాళీ వదిలిన వాక్యంలో, హోటళ్లు ఆహారం దానం చేసే పేజీలో. అన్నిటికీ "అవాంత్సి" అని ఒకరు, అదే అర్థమున్న "రెస్తి" మర్యాదగా ఉంటుందని మరొకరు పట్టుబడుతున్నారు. మీరేమంటారు?

తూనీగ: "అవాంత్సి"యే. ఇళ్లలో అనేదీ అదే, వంటపుస్తకాల్లో రాసేదీ అదే. మిగిలిన వంటలను ఎలా వాడుకోవాలో ఇటాలియన్ కవి ఒలిందో గ్వెర్రీని రాసిన పుస్తకం 1918లో అచ్చయింది, దాని పేరులోనే ఈ మాట ఉంది. "రెస్తి" ఒంటరిగా శీర్షికకెక్కితే తవ్వకాల్లో దొరికిన శిథిలాలో, మృతదేహ అవశేషాలో గుర్తొస్తాయి. "రెస్తి దెల్ పొల్లొ" అని వెనక కోడిమాంసం ఉంటే ఫర్వాలేదు.

నల్లరేగడి: విభాగం పేరు వరకే ఒప్పుకుంటాను. గిన్నెలో ముట్టకుండా మిగిలినదీ, కంచంలో వదిలేసినదీ రెండూ "అవాంత్సి"యే. మిగులుకీ ఎంగిలికీ మనం చూసే తేడా ఆ మాటలో లేదు. అందుకే వంటకం పేర్లలో అది రాకూడదు. నిన్నటి కుంకుమపువ్వు రిజోత్తోని (మెత్తగా వండిన ఇటాలియన్ అన్నం) పెనంమీద పలచగా అదిమి రెండువైపులా ఎర్రగా కాలిస్తే మిలాన్‌లో "రీజొ అల్ సాల్తొ". బీన్స్, నల్ల క్యాబేజీ, ఎండురొట్టె వేసిన చారును మర్నాడు మళ్లీ మరిగిస్తే టస్కనీలో "రిబొల్లీత". నిన్నటి రొట్టెకైతే "రఫ్ఫేర్మొ" అని వేరే మాటే ఉంది.

కొలతగిన్నె: అసలు చిక్కు ఆ ఖాళీ ఉన్న వాక్యంలో ఉంది. విశేషణం లింగవచనాలను బట్టి మారాలి: రీజొ (అన్నం) అవంత్సాతొ, పాస్త అవంత్సాత, స్పగెత్తి అవంత్సాతి, వెర్దూరె (కూరగాయలు) అవంత్సాతె. ఒకే రూపం పెడితే మిగతా మూడు తప్పుతాయి. ప్రతి పదార్థానికీ లింగం, వచనం గుర్తులు తగిలించి నాలుగు రూపాలూ ఇవ్వండి.

ఇంకో గొయ్యి కూడా ఉంది. "అవంత్సాతొ"కి "ఉన్నత స్థాయి" అన్న అర్థమూ ఉంది. "రిచెత్తె అవంత్సాతె" అని పెడితే చదివేవాళ్లకు ఆరితేరిన వంటవాళ్ల వంటకాలని తోస్తుంది. "రిచెత్తె కొన్ ల్యి అవాంత్సి", అంటే మిగిలినవాటితో వంటకాలు, అనాలి.

తూనీగ: గుర్తుల గొడవ లేకుండా "అవాంత్సి ది ____" అంటే దేనికైనా సరిపోతుంది కదా?

కొలతగిన్నె: వ్యాకరణానికి సరిపోతుంది, అర్థానికి కాదు. "పొల్లొ అవంత్సాతొ" అంటే మిగిలిన కోడిమాంసం. "అవాంత్సి ది పొల్లొ" అంటే ఎముకలకు అంటుకున్న తునకలు కూడా కావచ్చు. కొలత ఇచ్చే చోట అసలు ఆ మాటే వద్దు. "200 గ్రాముల రీజొ జా కొత్తొ", అంటే ముందే ఉడికిన అన్నం, అని రాస్తే వండేవాళ్లకు కావలసింది తెలుస్తుంది.

నల్లరేగడి: దానం పేజీకి "ఎచ్చెదెన్‌త్సె అలిమెంతారి", అంటే మిగులు ఆహారం, వాడండి. ఆహారం వృథాపై ఇటలీ 2016లో చేసిన 166వ నంబరు చట్టంలోని మాట అది. "రిమనెన్‌త్సె" అంటే లెక్కల్లో ఏడాది చివర మిగిలిన సరుకు. "స్కార్తి" అంటే తొక్కలు, పారేసేవి. పుచ్చుకునేవాళ్లను అవమానించినట్టవుతుంది.

గుర్తులు పెట్టడం కుదరకపోతే "ది యేరి", అంటే నిన్నటి, అనండి. ఏ పదార్థం పక్కనైనా మారదు.

కొలతగిన్నె: ఫ్రీజర్‌లో రెండు వారాలున్న కూరను "నిన్నటిది" అంటామా? ఫ్రీజర్ వంటకాలకు మాత్రం అది పెట్టకండి.