అప్‌డేట్: బైపాస్ మీద రెండు వైపులా మెదడు ఆక్సిజన్ రీడింగ్ పడిపోవడం, కారణం దొరికింది

ప్రశ్న గుర్తులేనివారికి: గుండె ఆపరేషన్‌లో రోగిని హార్ట్-లంగ్ మెషీన్ (బైపాస్) మీద 32 డిగ్రీలకు చల్లబరిచాక, మెదడు ఆక్సిజన్ చూపే నుదుటి సెన్సర్ల రీడింగ్ రెండు వైపులా 66 నుంచి 49కి దిగింది. పంపు ఫ్లో, బీపీ, సిరల రక్తం ఆక్సిజన్ అన్నీ బాగానే ఉన్నాయి. మరి రీడింగ్ ఎందుకు పడిందన్నదే ప్రశ్న.

బ్లడ్ గ్యాస్ (రక్తంలోని వాయువుల పరీక్ష) చూడమన్నవారి మాటే నిజమైంది, ధన్యవాదాలు. పీసీఓటూ (రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పీడనం) తక్కువగా, 31 ఉంది. ఒళ్ళు చల్లబడితే కార్బన్ డయాక్సైడ్ తక్కువ తయారవుతుంది. ఆక్సిజనేటర్‌కి (మెషీన్‌లో ఊపిరితిత్తుల పని చేసే భాగం) స్వీప్ గ్యాస్, అంటే రక్తంలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను తీసేసే గ్యాస్, మాత్రం పాత వేగంతోనే వెళ్తోంది. అది కార్బన్ డయాక్సైడ్‌ను ఎక్కువగా కడిగేసేసరికి మెదడు రక్తనాళాలు ముడుచుకున్నాయి. స్వీప్ నిమిషానికి 3.2 లీటర్ల నుంచి 2.2కి తగ్గిస్తే పీసీఓటూ 39కి, రీడింగ్ 62కి చేరాయి. (పీసీఓటూ అంకెలు 37 డిగ్రీల దగ్గర కొలిచినవి, రోగి ఒంటి ఉష్ణోగ్రతకు సవరించలేదు.)

సెన్సర్లు మార్చడం దండగ. కాన్యులా (రక్తనాళంలో పెట్టే మెషీన్ గొట్టం) చోటు తప్పిందేమోనన్న అనుమానమూ తొలగిపోయింది. అదైతే సాధారణంగా ఒక వైపే ఎక్కువ పడుతుంది. ఫినైలెఫ్రిన్‌తో బీపీ పెంచినా రీడింగ్ కదల్లేదు. హిమోగ్లోబిన్ 8.4, రక్తం ఎక్కించే అవసరం రాలేదు.

జ్ఞాపకశక్తి సంగతి: ఆపరేషన్ తర్వాత రోగికి వచ్చిన గందరగోళం డెలీరియం (తాత్కాలిక మతిభ్రమ), తగ్గిపోయింది. 30 రోజులు దాటాక చేసిన జ్ఞాపకశక్తి పరీక్షలో స్కోరు ఆపరేషన్ ముందున్నంతే ఉంది. ఆ ఘనత రీడింగ్ సరిచేయడానికి కట్టబెట్టలేం; అలా సరిచేస్తే మతిమరుపు తగ్గుతుందని గట్టి రుజువు లేదు. ముందే పరీక్ష చేసి ఉండకపోతే ఈ పోలికే కుదిరేది కాదు.