సమస్య: "ఇంటిలోన నుండి యింట లేదు" (విషయం: బిల్డ్ మెషీన్ల టూల్స్ ఎక్కించుడు)

పానగల్లు పంతులు (నిర్వాహకుడు): అందరికీ దండాలు. ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్న, ముందటి మూడు పాదాలు మీరు రాసి పూరించాలె. మన గ్రూపుల సగంమంది సాఫ్ట్‌వేరోళ్లే అయిన్రు, అందుకే విషయం గూడ వాళ్లదే పెట్టిన, బిల్డ్ మెషీన్ల, అంటే రాసిన కోడును నడిచే ప్రోగ్రాంగ తయారుచేసే కంప్యూటర్లల్ల, కంపైలర్లు (కోడును మెషీన్ భాషకు మార్చే టూల్స్) గట్ల ఎక్కిచ్చేటప్పుడు పడే తిప్పలు. పాదం: ఇంటిలోన నుండి యింట లేదు. అయిదూ సూర్యగణాలు, ఇ-యి యతి. గణాలు తప్పితే ఊకోను, ముందే చెప్తున్న.

గద్వాల అంచు: నాది ముందుగాల. జావాసి అంటే జావా కంపైలర్, షెల్లు అంటే మన కమాండ్లు తీసుకునేది, బిన్ను అంటే కమాండ్లుండే ఫోల్డర్, దారి అంటే పాత్, షెల్లు కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితా.

జావ దించినాను; జావాసి పిలిచితి;
షెల్లు నన్ను జూచి చెల్లదనెను;
దారిలోన బిన్ను దాఖలు కాకున్న
ఇంటిలోన నుండి యింట లేదు.

పానగల్లు పంతులు: భేష్! షె-చె యతి చూడున్రి, విద్వద్గద్వాల అని ఊకెనే అనలే పెద్దలు. ఒక్క మాట, "కాకున్నన్" ద్రుతాంతం, తర్వాత "ఇంటి" వస్తే "కాకున్న నింటిలోన" గావాలె. సమస్యాపాదం ముట్టుకునేదానికి లేదు గదా, పాదం చివర ఆగుతం గనుక వదిలేస్తున్న.

సాగర్ కాల్వ: పద్యం మంచిగుంది గని అన్నా, అసలు ముచ్చట అడుగుత. జేఆర్‌ఈ (జావా ప్రోగ్రాంలను నడిపే మూట) ఒక్కటే ఏస్తే అండ్ల జావాసీ ఉండనే ఉండదు, అప్పుడు అది ఇంట్ల లేనట్టే, మరి "ఇంటిలోన నుండి" అన్నది అబద్ధమైతది గదా? జేడీకే (కంపైలర్ గూడ ఉండే మూట) ఏసిండని పద్యంల యాడుంది?

గద్వాల అంచు: దించినా అన్న గద తమ్మీ. జేడీకే టార్ ఫైలు దించి ఆప్ట్ ఫోల్డర్ల విప్పిన. ఉబుంటుల (లినక్స్‌ల ఒక రకం) ఏపీటీ కమాండుతోని ఏస్తే యూఎస్ఆర్ బిన్‌ల లింకు అదే పెడ్తది, ఏ లొల్లి లేదు. చేత్తోని విప్పినప్పుడే జావా హోమ్ (జేడీకే ఉన్న చోటు), పాత్ మనం రాసుకోవాలె, అది రాయకుంటే డిస్కుల మూడువందల ఎంబీ కూసోని ఉన్నా కమాండ్ నాట్ ఫౌండ్ అనే అంటది. నాలుగు పాదాలల్ల ఇంతకంటె ఏం ఇరికిస్త, జేడీకే అంటే జా తోటి యతి కుదర్తలేదు మరి!

పాలమూరు కలం: కొత్తగ రాస్తున్న, తిట్టకున్రి. మేక్ అంటే బిల్డును నడిపే టూలు, దాని ఫైలుల కమాండ్ లైను ముందు ట్యాబే ఉండాలె, స్పేసులు పనికిరావు.

ట్యాబు బదులు నాల్గు స్పేసులు పెట్టితి
మేకు కదలనంది మేకవోలె
కంటి కొక్క తీరె కానవచ్చును గాని
ఇంటిలోన నుండి యింట లేదు.

పానగల్లు పంతులు: రెండో పాదం చదివి ఇంట్ల ఒక్కన్నే నవ్విన. గని మొదటి పాదంల ట్యా-స్పే యతి కాదు బిడ్డా. "ట్యాబు బదులు నాల్గు డాబుగా స్పేసులు" అను, ట-డ మైత్రి ఉన్నది, గణాలు గూడ సరిపోతయి. క్రియ ఎగిరిపోయింది, అది నువ్వే సూసుకో.

సాగర్ కాల్వ: ఈ పూరణల నాకు ఇంకో అనుమానం. స్పేసులు ఉన్నయి, ట్యాబు అసలుకే లేదు. "ఉండి లేదు" అన్నదానికి కర్త ఎవరు? మిస్సింగ్ సెపరేటర్ అని ఎర్రర్ వచ్చేది అది లేకనే గదా.

పాలమూరు కలం: రూల్ ఉన్నది గదన్నా, కమాండ్ లైను గూడ ఉన్నది, మేక్‌కు మాత్రం కండ్ల పడ్తలేదు, అదే నా భావం. పద్యంల రాలేదంటే ఒప్పుకుంట. మేక్‌ను 1976ల బెల్ ల్యాబ్స్‌ల స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రాసిండట, ట్యాబు సంగతి మారుద్దామంటే అప్పటికే పదిపన్నెండుమంది వాడుతున్నరు, వాళ్లకు ఇబ్బంది అయితదని అట్లనే ఉంచిండట. ఆ పదిమంది మొహమాటానికి ఇయ్యాల మా పాలమూరు దివిటిపల్లి ఐటీ టవర్‌ల కూసున్నోళ్లు గూడ తిప్పలు పడాలె!

మిర్యాల వడ్లు:

లైబ్రరీలు గలవు లక్షణముగ గాని
హెడ్డరేది యనుచు నేడ్చె బిల్డు
డెవ్వుమూట లేక డిస్కున నిండుగ
ఇంటిలోన నుండి యింట లేదు.

గద్వాల అంచు: అబ్బ, ఇది అసలు సిసలు పూరణ. ఓపెన్ఎస్ఎస్ఎల్ లైబ్రరీ ఉంటది, నడుస్తది, దాన్ని వాడే ప్రోగ్రాంలన్నీ నడుస్తయి, నువ్వు కంపైల్ చెయ్యబోతే మాత్రం ఎస్ఎస్ఎల్ డాట్ హెచ్ (దాని హెడ్డర్, లైబ్రరీల ఏమున్నదో కంపైలర్‌కు చెప్పే ఫైలు) లేదంటది. ఉబుంటుల డెవ్ ప్యాకేజీ (పద్యంల డెవ్వుమూట), రెడ్‌హ్యాట్ దిక్కు డెవెల్ ప్యాకేజీ వేరేగ ఏసుకోవాలె. బిల్డ్ ఎసెన్షియల్ ప్యాకేజీ ఏస్తే జీసీసీ కంపైలర్, మేక్, సీ లైబ్రరీ హెడ్డర్లు వస్తయి గని ఇసొంటివి రావు, కొత్తోళ్లు అక్కన్నే ఆగిపోతరు.

పానగల్లు పంతులు: లై-ల యతి శుద్ధం. కాకపోతే మొదట "గలవు" బహువచనం, చివరికి "లేదు" ఏకవచనం. "లైబ్రరీయు గలదు" అంటే వచనమూ గణమూ రెండూ కుదుర్తయి.

మిర్యాల వడ్లు: మార్చిన సార్, శుక్రియా.

ఉదయసముద్రం: నాదిగూడ సూడున్రి.

నీడ నిలిచి యుండు నిరతము గర్భాన
కంబమేది యనుచు కన్ను వెదుకు
పానగల్లు గుడిని పరమేశు కడ జూడ
ఇంటిలోన నుండి యింట లేదు.

పానగల్లు పంతులు: మా ఊరి ఛాయా సోమేశ్వరున్ని, గర్భగుడిల పొద్దంత కంబం నీడ నిలిచే శివున్ని, తెచ్చినవ్, నాకేమో ముద్దొస్తున్నది, ధార గూడ ఈ దారంల ఇదే బాగున్నది. అయినా మార్కులియ్య. గుళ్లె కంపైలర్ యాడుంది?

దేవరకొండ నాయిన: సార్, నాకు కంప్యూటర్ రాదు, బడిల తెలుగు చెప్పి రిటైరైన. మా బిడ్డ ఇంటికాడికెల్లే పని చేస్తది.

హెడ్డుసెట్టు బెట్టి యెవరితో మాట్లాడు
అన్నమనిన బలుక దర్ధరాత్రి
బిల్డు నిలిచెనంట! బిడ్డ నా కండ్లకు
ఇంటిలోన నుండి యింట లేదు.

మిర్యాల వడ్లు: సార్, మా అమ్మకు చదివి వినిపిచ్చిన, నన్నే తిట్టింది.

పానగల్లు పంతులు: "బలుక దర్ధరాత్రి" అన్నకాడ సంధిల యతి కూసోబెట్టిన తీరు చూస్తే తెలుస్తున్నది మాస్టారి చెయ్యి. "బిడ్డ"కు "లేదు" సరిగ్గ అతికింది, కొడుకైతే "లేడు" అయి పాదమే చెడిపోవు. ఈ వారం మొదటి బహుమతి మీదే, గద్వాల తమ్ముడు ఏమనుకోవద్దు.

గద్వాల అంచు: అనుకుంటనా! నాది టూల్ మీద, సార్‌ది మనిషి మీద.

పాలమూరు కలం: పద్యాలు అయినయి గని గద్వాలన్నా ఒక డౌటు, నా లాగిన్ల జావాసీ మంచిగ దొరుకుతున్నది, అదే మెషీన్ల జెంకిన్స్ (బిల్డులను దానంతటదే నడిపే టూలు) జాబుకు మాత్రం దొరుకుతలేదు, బ్యాష్ఆర్‌సీల (షెల్లు మొదలైనప్పుడు చదివే ఫైలుల) పాత్ పెట్టిన, రీస్టార్ట్ గూడ చేసిన.

గద్వాల అంచు: నీ బ్యాష్ఆర్‌సీ నీ యూజర్‌కే. జెంకిన్స్ దాని సొంత యూజర్ మీద నడుస్తది, పైగ ఇంటరాక్టివ్ షెల్ గాదు, ఉబుంటు బ్యాష్ఆర్‌సీల పైననే ఇంటరాక్టివ్ కాకపోతే వాపస్ పో అని రాసి ఉంటది, నువ్వు కింద పెట్టిన ఎక్స్‌పోర్ట్ దాకా అది రానే రాదు. జెంకిన్స్ టూల్స్ సెట్టింగుల్ల జేడీకే పేరు, జావా హోమ్ ఇయ్యి, పైప్‌లైన్‌ల అదే పేరు టూల్స్ బ్లాకుల రాయి. అయినా రాకపోతే జాబుల ఎకో డాలర్ పాత్ అని ఒక లైను పెట్టి అవుట్‌పుట్ ఈడ ఎయ్యి, చూద్దం.