కార్డులో రెండుసార్లు పడిన రీఫండ్: వాడుకోవచ్చా?

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది మద్దిలపాలెం. చదువు కోసం ఈమధ్యే అమెరికా వచ్చాను. క్యాన్సిల్ అయిన టికెట్ డబ్బు క్రెడిట్ కార్డులో రెండుసార్లు పడింది, బ్యాలెన్స్ మైనస్‌లో చూపిస్తోంది, అంటే కంపెనీయే నాకు ఇవ్వాలన్నట్టు. వాడుకోవచ్చా?

గాజువాక, ఇప్పుడు డల్లాస్:
తమ్ముడూ, ముట్టుకోకు. మా నాన్నగారి టికెట్ రద్దయి ఎంతకీ డబ్బు రాకపోతే కార్డు కంపెనీలో డిస్ప్యూట్ వేశాను, అంటే ఆ డబ్బు తిరిగి ఇప్పించమని ఫిర్యాదు. వాళ్లు తాత్కాలికంగా క్రెడిట్ ఇచ్చారు, తర్వాత ఎయిర్‌లైన్ కూడా వేసింది. నీకూ అదే జరిగి ఉంటుంది. రెండుసార్లు పడిందని నేనే ఫోన్ చేసి చెప్తే "అంతా కరెక్టేనండీ" అన్నారు. కొన్నాళ్లకు ఒకటి వెనక్కి తీసుకోవాల్సింది, రెండూ లాగేశారు! స్టేట్‌మెంట్‌లో ఒకే తేదీన, ఒకే మొత్తంతో రెండు వరుసలు, పక్కన "అడ్జస్ట్‌మెంట్" అని ఒక్క ముక్క. పైన వడ్డీ. ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త మనిషి, మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. ఉత్తరం రాశాకే కదిలింది. తప్పు కనిపించిన మొదటి స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు అది వాళ్లకు చేరాలి, అదీ బిల్లు కట్టే అడ్రసుకు కాదు, స్టేట్‌మెంట్‌లో బిల్లింగ్ ఎంక్వైరీస్ అని వేరేగా ఇస్తారు, దానికి. అందిందని 30 రోజుల్లో చెప్పాలి, 90 రోజుల్లోపు తేల్చాలి. అప్పటిదాకా గొడవలో ఉన్న మొత్తం కట్టక్కర్లేదు, మిగతా బిల్లు మాత్రం కట్టాల్సిందే.

సీతమ్మధార, ఇప్పుడు న్యూజెర్సీ:
ఈ రోజుల్లో ఉత్తరాలేంటి అన్నా, యాప్‌లో మెసేజ్ పెడితే సరిపోతుంది. మైనస్ బ్యాలెన్స్ ఇవ్వమని రాసి అడిగితే ఏడు పనిదినాల్లో ఇచ్చేయాలి. చెక్ తెప్పించుకుని పక్కన పెట్టుకోమనండి.

గాజువాక, ఇప్పుడు డల్లాస్:
ఆ రూల్ మన సొంత డబ్బుకమ్మా. ఈ చెక్ తీసుకుంటే రేపు వాళ్లు క్రెడిట్ వెనక్కి తీసుకోగానే అంతా బాకీ కింద మారుతుంది, కుర్రాడు ఎక్కణ్నుంచి తెచ్చి కడతాడు? యాప్ మెసేజ్ చెల్లుతుందని కంపెనీయే రాసిస్తే సరే, లేదంటే కాగితమే దిక్కు.

ఎంవీపీ కాలనీ (తిరిగొచ్చేశాను):
అసలు ప్రమాదం ఎవరూ చెప్పలేదు బాబూ. "పొరపాటున ఎక్కువ వేశాం, గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పు" అని ఫోన్ వస్తే వెంటనే కట్ చేసేయ్. మా పక్కింటి మాస్టారి అమ్మాయికి అక్కడ ఇలాగే వచ్చింది, పాపం భయపడి అర్ధరాత్రి ఇక్కడ అమ్మానాన్నలకి ఫోన్ చేసింది. కార్డు కంపెనీ తను వేసిన క్రెడిట్ తనే తీసేసుకోగలదు, నీ చేత ఏమీ కొనిపించదు. కార్డు వెనకున్న నంబరుకు నువ్వే చేసి చెప్పు, రెఫరెన్స్ నంబరు అడిగి తేదీతో సహా రాసుకో. మీ అమ్మానాన్నలకూ ఇవాళే చెప్పి ఉంచు, నీ పేరు చెప్పి వాళ్లనీ డబ్బు అడగొచ్చు.