1.2 ఈక్వివలెంట్ల సోడియం హైడ్రైడ్ వేసినా ఆల్కహాల్ ఎందుకు మిగిలింది?

ప్రశ్న:
4-మెథాక్సీబెంజైల్ ఆల్కహాల్, బెంజైల్ బ్రోమైడ్‌లతో ఈథర్ చేస్తున్నాను. ఆల్కహాల్ 1.38 గ్రాములు, అంటే 10 మిల్లీమోల్స్. సోడియం హైడ్రైడ్ (ఆల్కహాల్ నుంచి హైడ్రోజన్‌ని లాగేసే బేస్) 1.2 ఈక్వివలెంట్లు, అంటే ఆల్కహాల్ మోల్స్‌కి 1.2 రెట్లు, కాబట్టి 12 మిల్లీమోల్స్ × 24 (మోలార్ మాస్) = 288 మి.గ్రా. తూచి టీహెచ్‌ఎఫ్ అనే ద్రావణిలో వేశాను. బ్రోమైడ్ 1.1 ఈక్వివలెంట్లు. రాత్రంతా తిప్పాక కూడా టీఎల్‌సీలో (మిశ్రమంలో ఏమేం ఉన్నాయో ప్లేటు మీద మచ్చలుగా చూపే పరీక్ష) ఆల్కహాల్ స్పాట్ అలాగే ఉంది. కాలమ్ వేసి (సిలికా గొట్టంలో పదార్థాల్ని విడదీసి) చూస్తే 0.38 గ్రాముల ఆల్కహాల్ వెనక్కి వచ్చింది. నాలుగుసార్లు లెక్క చూసుకున్నాను, తప్పు దొరకలేదు. మళ్లీ పెట్టాలంటేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
డబ్బా మీద ఎంత శాతం అని ఉంది?

అడిగినవారు:
మినరల్ ఆయిల్‌లో 60 శాతం అని ఉంది. బూడిదరంగు ముద్దలు, స్పాచులాకి జిడ్డుగా అంటుకుంటాయి.

జవాబు 2:
ఆ జిడ్డే మీ తేడా. గుణకారం సరిగ్గానే చేశారు, కానీ తూచినదాంట్లో నూటికి నలభై వంతులు నూనె. 288లో అసలు హైడ్రైడ్ 173 మి.గ్రా. మాత్రమే, అంటే 7.2 మిల్లీమోల్స్, 0.72 ఈక్వివలెంట్లు. మిగతా 2.8 మిల్లీమోల్స్ ఆల్కహాల్‌కి బేస్ అందనే లేదు. 2.8ని 138తో గుణించి చూడండి: 386 మి.గ్రా. మీకు తిరిగొచ్చింది 380! ఇంత దగ్గరగా తేలిందంటే మీ చేతిపని ఎంత శుభ్రంగా ఉందో చూసి నాకు నిజంగా సంతోషమేసింది. భయపడకుండా మళ్లీ పెట్టండి.

288ని 0.60తో భాగిస్తే 480 మి.గ్రా. అంత తూచండి. నూనె కడగక్కర్లేదు, కాలమ్‌లో హెక్సేన్‌తో ముందే దిగిపోతుంది. ఐస్ బాత్‌లో, నైట్రోజన్ కింద కొంచెం కొంచెంగా వేయండి. ఈసారి హైడ్రోజన్ ఎక్కువ వస్తుంది, అది బయటికి పోయే దారి తప్పకుండా ఉంచండి. నా నోట్‌బుక్‌లో మోలార్ మాస్ పక్కనే ‘శాతం’ అని ఒక గడి గీసుకుంటాను. అది నింపకుండా బ్యాలెన్స్ దగ్గరికి వెళ్లను.

జవాబు 3:
టీహెచ్‌ఎఫ్ ఆరబెట్టినదేనా? 20 మి.లీ.లో 0.1 శాతం నీళ్లున్నా దాదాపు 1 మిల్లీమోల్ హైడ్రైడ్ దానికే పోతుంది. బ్రోమైడ్ 1.88 గ్రాములు కావాలని 1.88 మి.లీ. పోయలేదు కదా? సాంద్రత 1.44, కాబట్టి 1.31 మి.లీ. చాలు.

అడిగినవారు:
బ్రోమైడ్ తూచే వేశాను, టీహెచ్‌ఎఫ్ కొత్తగా ఆరబెట్టిందే. నిన్న 480 మి.గ్రా.తో పెట్టాను. బుడగలు రావడం మొదటిసారి కంటే చాలాసేపు సాగింది. పొద్దున టీఎల్‌సీలో ఆల్కహాల్ స్పాట్ లేదు. గడి గీసుకున్నాను.